ముందుగదిలో మగ్గం

నేను ఒక మగ్గాన్ని. బట్ట నేసే మగ్గం కాదు. దానికి పాటలున్నాయి, సంఘాలున్నాయి, వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళున్నారు. నేను జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టేవాళ్ళు వాడే చట్రాన్ని. రెండు పొడుగు కర్రలు, రెండు అడ్డ కర్రలు. అడ్డ కర్రలకి వరసగా బెజ్జాలు. ఆ బెజ్జాల్లో ఇనప మేకులు. మధ్యలో బట్టని డప్పులా బిగించి కడితే మగ్గాన్ని. విప్పితే నాలుగు కర్రలు. అంతే.

మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఊరికే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

కాకినాడలో ఒక వడ్రంగి చేతిలో పుట్టాను. నిజానికి నేను కిటికీ కావలసినదాన్ని. ఒకాయన ఇల్లు కట్టుకుంటూ టేకు కర్ర కోయించాడు. తీరా కోశాక ఆయన మనసు ఇనప కిటికీల మీదికి పోయింది. మనుషుల మనసు అలా పోతూ ఉంటుంది, వస్తూ ఉంటుంది. కర్రకి ఆ వీలు లేదు. కోసినట్టు పడి ఉండాలి. ఆ మిగిలిన కర్రని ఖాజాగారు కొనుక్కుని, బెజ్జాలు పెట్టించి, నన్ను చేయించారు.

ఖాజాగారి దుకాణం బజారులో ఒక మేడ మీద. కింద చెప్పుల కొట్టు. నా చుట్టూ నలుగురు కూర్చునేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆరుగురు. మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేవి. పైచెయ్యి సూది దించితే కిందచెయ్యి దారం అందించేది. వాళ్ళు కుట్టిన జాకెట్లు ఎంతమంది తొడుక్కున్నారో తెలీదు. తొడుక్కున్నవాళ్ళకి వీళ్ళెవరో తెలీదు. ఎవరికీ దాని గురించి బాధ ఉన్నట్టు కనబడేది కాదు. టీ వచ్చేది, తాగేవాళ్ళు, మళ్ళీ వంగేవాళ్ళు.

ఆ దుకాణానికి పని నేర్చుకోవడానికి వచ్చేది వీరవేణి. సామర్లకోట నుంచి బస్సులో వచ్చేది. పెళ్ళయిన పిల్ల. పొద్దున వంట చేసి వచ్చి, సాయంత్రం వంట వేళకి వెళ్ళిపోయేది.

"సూది నిలువుగా పట్టు బేటీ. వంకర పట్టేవంటే పువ్వు ఏడుస్తాది" అనేవారు ఖాజాగారు.

ఆమె పువ్వు ఏడవకుండా చూసుకునేది.

తర్వాత కంప్యూటరు మిషన్లు వచ్చాయి. ఒక్కో మిషను పదిమంది పని చేస్తుంది, టీ అడగదు. ఖాజాగారి మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆయన కూడా మేడ ఖాళీ చేసి, ఎవరిదో మిషన్ల కొట్లో దారాలు మార్చే పనికి కుదిరారు. ఆ మేడ మీద నాలాంటి మగ్గాలు ఇంకా ఉండేవి, అవి కొన్ని హోటలు పొయ్యిలోకి వెళ్ళాయి. నన్ను వీరవేణి అడిగి తీసుకుంది. ఆటోలో ఎక్కించేటప్పుడు ఖాజాగారు ఒక్క మాట చెప్పారు. "కట్టిన బట్ట సగంలో విప్పొద్దు బేటీ. విప్పితే మళ్ళీ నీ మాట వినదు."

సామర్లకోటలో స్టేషనుకి కాస్త ఇవతల వాళ్ళ అద్దె వాటా. ముందుగది, వెనకగది, వంటిల్లు. ఇంట్లో వీరవేణి, ఆమె భర్త నూకరాజు, అత్తగారు అచ్చియ్యమ్మ. నూకరాజు ధాన్యం మిల్లులో కాటా దగ్గర గుమస్తా. నన్ను దింపాక తెలిసింది, ముందుగది నాకన్నా పొట్టిదని. నూకరాజు రంపం తెచ్చాడు. నా పొడుగు కర్రల్ని గదికి సరిపడా కోశారు. గదిని నాకు సరిపడా కట్టలేరు కదా. అద్దె ఇల్లు.

అలా నేను ఇంట్లో మనిషినయ్యాను. దుకాణంలో ఉన్నప్పుడు పని అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో ఉన్న పనికి ఆ పేరు దొరకడం కష్టమని ఇక్కడికొచ్చాక తెలిసింది.

వీరవేణి తన ఫోన్లో ఒక పేజీ పెట్టింది. కుట్టిన జాకెట్లకి ఫొటోలు తీసి అందులో పెట్టేది. ఒక అమ్మకాల యాప్‌లో కూడా పేరు రాయించుకుంది. ఊళ్ళో ఎవరూ అడగని జాకెట్లని గుంటూరులో ఒకరు, బళ్ళారిలో ఒకరు అడగసాగారు. బాగానే ఉంది. కానీ పొద్దున వంట, అంట్లు, నీళ్ళు పట్టడం అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అప్పుడు వచ్చి నా ముందు కూర్చునేది. కూర్చున్న కాసేపటికి గుమ్మంలో ఎవరో ఒకరు.

"వేణీ, గ్యాసు బండ వస్తాది, తీసుకుని ఉంచమ్మా. నేను బజారెళ్ళొస్తాను. నువ్వింట్లోనే ఉంటావుగా."

ఎదురింటివాళ్ళ తాళంచెవి. మేడమీదివాళ్ళ పాల పాకెట్టు. ఎవరో ఆఫీసుకెళ్తూ ఆరేసిన బట్టలు, వానొస్తే తియ్యాలి. మనిషి ఊళ్ళో ఇంకెక్కడ కూర్చున్నా పనిలో ఉన్నట్టు. ఇంట్లో కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టు. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలీదు. వీధి వీధంతా దాన్నే పట్టుకుని నడిచేది.

పక్కవాటా ధనకుమారి ఒకరోజు అచ్చియ్యమ్మతో అంది. "మీ కోడలికి మంచి కాలక్షేపం దొరికిందండి పిన్నిగారూ. ఇంట్లో కూచుని కుట్టుకుంటాది."

అచ్చియ్యమ్మ పొద్దస్తమానం నన్ను తిట్టే మనిషి. నా కాలు తగిలి రెండుసార్లు తూలింది కూడా. కానీ ఆ మాటకి తల తిప్పి చూసింది. "కాలక్షేపానికి నువ్వు మా ఇంటికొస్తావమ్మా. అది పని చేసుకుంటాది" అంది. ధనకుమారి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లో ఒక జాకెట్టు పూర్తయింది.

రంగులది ఒక గొడవ. ట్యూబులైటు కింద ఫొటో తీస్తే మెరూను ఎర్రగా పడేది. అవతలివాళ్ళు పార్సిలు విప్పి, మోసం చేశావని రాసేవాళ్ళు. అందుకని కిటికీలో ఎండ పడే వేళ చూసుకుని వీడియో తీసేది. ఆ వేళే వీధిలోకి కూరల బండి వచ్చేది. ఒకసారి లైవు పెట్టి, ఈ హంస మెడ చూడండి, ఎంత సన్నగా వచ్చిందో అని చూపిస్తోంది. వెనకాల నుంచి టమాటాలో అని కేక. చూస్తున్నవాళ్ళలో ఒకావిడ హంస గురించి ఏమీ అడగలేదు. టమాటా ఎలా ఇస్తున్నాడని రాసింది.

నవ్వొచ్చే సంగతే. వీరవేణి కూడా నవ్వింది. తర్వాత ఫోను బోర్లా పెట్టి సూది అందుకుంది.

వెనక్కొచ్చిన జాకెట్లది ఇంకో గొడవ. సైజు కుదరలేదని ఒకటి తిరిగొచ్చింది. విప్పితే గంధం వాసన. మెడ దగ్గర పసుపు మరక. తొడుక్కుని పెళ్ళికెళ్ళి, భోంచేసి, మర్నాడు కుదరలేదని తెలుసుకున్నారన్నమాట. వీరవేణి ఆ మరకని ఫొటో తీసి యాప్ వాళ్ళకి పంపింది. మీ ఓపికకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది. జాకెట్టు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

అప్పుడే ఆమెకి అడ్డుతెరల ఆలోచన వచ్చింది. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టేదాకా పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య ఒక తెర పట్టుకుంటారు కదా, అది. దానికి సైజు గొడవ లేదు. ఒకసారి వాడాక ఎవరూ తిరిగి పంపరు. ఇప్పటివాళ్ళకి దాని మీద వధూవరుల పేర్లు జరీతో ఉండాలట. ఆ ఇద్దరూ ఏడాదిగా ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఉంటారు. అయినా ఆ కాసేపు చూసుకోకూడదు. అది వాళ్ళ పద్ధతి. నాకు మాత్రం అది నచ్చింది. ఆ తెర నా మీద కట్టినప్పుడు నిండుగా ఉండేది. వైజాగు నుంచి ఒకావిడ కూడా కూతురి పెళ్ళికి తెర చెప్పింది.

గది మాత్రం పెరగలేదు. నీళ్ళబిందె తెచ్చినా వీరవేణి నన్ను తప్పించుకుంటూ, గోడకి భుజం ఆనించి పక్కగా నడవాల్సిందే. ఒక సాయంత్రం నూకరాజు వీధరుగు మీద కూర్చునే అడిగాడు.

"ఎవరైనా వస్తే ఎక్కడ కూచోబెట్టాలి వేణీ? నిన్న మా మిల్లు మేస్త్రి వచ్చేడు. ఇక్కడే కూచోబెట్టి టీ ఇచ్చేను. ఇంట్లో ఏదో జరిగిందనుకున్నాడు."

"లోపలికి రమ్మనాల్సింది."

"వచ్చి? నీ మగ్గం మీద కూచోవాలా?"

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు. చెడ్డవాడేం కాదు. మిల్లు నుంచి ఊక దుమ్ముతో వచ్చి, కాళ్ళు చాపుకునే చోటు లేక అరుగు మీద కూర్చునేవాడు. ఊక దులుపుకుంటూ మళ్ళీ అన్నాడు.

"ఈ వైజాగు తెర వెళ్ళనీ. అది బాగా వెళ్ళి, ఆవిడ చెప్పినట్టు మిగతా పెళ్ళిళ్ళూ వస్తే మగ్గం ఇక్కడే ఉంటాది. నేను మాటాడను. తేడా వచ్చిందా, తీసేద్దాం. నువ్వూ కాస్త సుఖపడతావు."

"సరే" అంది వీరవేణి.

ఆ ఒక్క మాటతో నా బతుకు ఒక తెరకి ముడిపడింది. ఆమెదీ అంతే.

వైజాగు ఆవిడ పేరు లలితకుమారి. వాళ్ళమ్మాయి హరిణి పెళ్ళి. పెళ్ళికొడుకు వంశీధర్. లలితకుమారిగారి చెల్లెలు పెళ్ళిళ్ళకి అలంకరణలూ ఏర్పాట్లూ చేయించే మనిషి. ఈ తెర నచ్చితే ఈ సీజనంతా తెరలు మీకే చెబుతుందమ్మా మా చెల్లి అని ఆవిడ మాట ఇచ్చింది. వీరవేణి ఆ మాటని రోజూ పని మొదలుపెట్టేముందు ఫోన్లో పెట్టుకుని వినేది.

తెల్లటి పట్టు. అంచున ఎర్ర కమలాలు. మధ్యలో హంసలు కావాలన్నారు. తర్వాత నెమళ్ళన్నారు. తర్వాత ఆలోచించి మళ్ళీ హంసలే అన్నారు. నెమలి తోక దాకా వచ్చిన కుట్టుని వీరవేణి ఒక్కో పోగే విప్పి, కన్నాలు గోటితో నిమిరి మూసి, హంసని చేసింది. ఆ హంసలకి ఇప్పటికీ దగ్గరగా చూస్తే కాస్త నెమలి పొగరు ఉంటుంది.

అన్నీ అయ్యాయి. హరిణి పేరు అయింది. వంశీధర్‌లో వంశీ అయింది. మిగతాది ఆ పూట అయిపోతుంది. సాయంత్రం పార్సిలు తీసుకెళ్ళడానికి మనిషి వస్తానన్నాడు. ఈలోగా లలితకుమారిగారు, ఒక్కసారి వీడియోలో చూపించమ్మా అన్నారు.

ఆ వేళకి ఇంట్లో ఎంత ఏర్పాటు జరిగిందో చెప్పాలి. పొయ్యి మీద కుక్కరు దించేశారు, కూత పెడుతుందని. ఫ్యాను ఆపేశారు. అచ్చియ్యమ్మ వంటింటి గుమ్మంలో చేట పెట్టుకుని, చప్పుడు కాకుండా గోంగూర తుంచుతోంది. ధనకుమారికి ముందే చెప్పి ఉంచారు, ఇటు రావద్దని. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఒక దుకాణంలా ఉండాలని చూసింది.

వీరవేణి ఫోనుని తెర మీదుగా మెల్లగా నడిపిస్తోంది.

"అబ్బ, వేణీ! ఫొటోలో కన్నా బాగుందమ్మా. మా హరిణి చూస్తే ఎగిరి గంతేస్తుంది. ఆ హంసని మళ్ళీ చూపించు."

"ఇదుగోనండి. కన్నుకి చిన్న పూస పెట్టేనండి."

"మా చెల్లికి కూడా చూపిస్తాను. తను ఇంకో నాలుగు..."

అప్పుడే వీధిలో బండి ఆగింది. ఎవరో దిగి గేటు దగ్గర నిలబడ్డారు. లోపలికి రాలేదు. అలా గేటు అవతలే నిలబడి పిలిచే మనిషి ఎందుకొస్తాడో ఈ ఇళ్ళల్లో అందరికీ తెలుసు. వీరవేణి వీపు అటు ఉంది, చూడలేదు. అచ్చియ్యమ్మ చూసింది.

వచ్చినవాడు గంగరాజు. పెద్దాపురం నుంచి. నూకరాజుకి వరసకి అన్నయ్య.

"పిన్నీ! సత్తిరాజు పెదనాన్న పోయేడు."

సత్తిరాజు అచ్చియ్యమ్మ భర్తకి సొంత అన్నగారు. ఆ భర్త పోయి చాలా ఏళ్ళయింది. అన్నదమ్ములకి ఎవరి పెళ్ళిలోనో వడ్డన దగ్గర మాటా మాటా వచ్చి, అప్పటినుంచీ రాకపోకలు లేవు. వీరవేణి ఆయన్ని చూసింది లేదు. బతికుండగా ఈ ఇంటి గుమ్మం తొక్కని మనిషి. పోయాక ఒక్క మాటతో లోపలికి వచ్చేశాడు.

ఒకే ఇంటిపేరువాళ్ళు. పదకొండో రోజు దాకా మైల. మైల ఇంట్లోంచి పెళ్ళి సామాను పోకూడదు. అచ్చియ్యమ్మ పుట్టినప్పటి నుంచీ ఇవన్నీ పాటిస్తున్న మనిషి. కానీ మైల చెవిన పడితేనే అంటుతుందని కూడా ఆవిడే చెప్పేది. వినేదాకా లేదు. గంగరాజు మాట పూర్తయ్యేలోపే ఆవిడ ఏం చేసిందంటే, చేట పక్కన పెట్టి, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంది. మూసుకుని, మాట్లాడొద్దని గంగరాజుకి తల ఊపింది.

గంగరాజు వేరేలా అనుకున్నాడు.

"ఏంటి పిన్నీ, చెవుడొచ్చిందేంటి? పోయేడంటున్నాను! సత్తిరాజు పెదనాన్న! తెల్లారగట్ల! వేణికి ఫోను చేస్తే ఎంగేజీ, నూకరాజు ఎత్తడు. బండేసుకుని రావాల్సొచ్చింది. మధ్యాన్నం తీసుకెళ్ళిపోతారు. నూకరాజుకి చెప్పండి. నేను ఇంకా నాలుగిళ్ళకి చెప్పాలి!"

బండి వెళ్ళిపోయింది. అతని తప్పేం లేదు. చెప్పాల్సిన మాట చెప్పాడు. కబురు చేరిందో లేదో చూసుకుని మరీ వెళ్ళాడు. ఖాజాగారి దుకాణానికి ఒక గుమ్మం, ఆయన ఇంటికి ఇంకో గుమ్మం. ఇక్కడ రెండింటికీ ఒక్కటే. కమలాలు చూసేవాళ్ళూ దాని ముందుకే రావాలి, కబురు తెచ్చేవాళ్ళూ దాని ముందుకే రావాలి.

ఫోన్లోంచి లలితకుమారిగారి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"వేణీ... వినబడ్డం లేదమ్మా. ఎవరో అరుస్తున్నారు. ఎవరు?"

వినలేదు ఆవిడ. నెట్టు సరిగ్గా లేక వినలేదు. ఇన్నాళ్ళూ ఆ నెట్టు మీద ఆ ఇంట్లో పడని తిట్టు లేదు. ఇవాళ ఒక్కరోజు మేలు చేసింది.

అచ్చియ్యమ్మ చెవుల మీద నుంచి చేతులు తీసి గాలిలో ఊపింది. చెప్పొద్దు. పెదాలతోనే అంది, కూరలబ్బాయని చెప్పు. మళ్ళీ అంది. వీరవేణి అత్తగారిని చూసింది. తెరని చూసింది. ఆమె చెయ్యి నా కర్ర మీద ఉంది. నేనేం చెయ్యగలను? విరిగి పడితే ఆ సందట్లో మాట మారిపోయేదేమో. టేకు కర్ర అలా విరగదు.

"మా పెద్ద మావగారు పోయారంటండి" అంది వీరవేణి.

ఫోన్లో చప్పుడు లేదు. నెట్టు పోయిందనుకున్నాను. పోలేదు. ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది.

"అయ్యో" అంది చివరికి. "సరేనమ్మా. నువ్వు బాధలో ఉన్నావు. తర్వాత మాట్లాడతాను."

అచ్చియ్యమ్మ లేచి నిలబడింది.

"నేను సైగ చేస్తానే ఉన్నాను కదే!"

"చూసేను అత్తా."

"చూసి?"

వీరవేణి సూదిని బట్టలోంచి తీసి పిడికిట్లో పెట్టుకుంది. "ఆవిడ కూతురికి పట్టే తెర అత్తా. రేపు ఆ పిల్లకి తలనొప్పొచ్చినా నా వల్లే అనిపిస్తాది నాకు."

చేటలోంచి గోంగూర నేల మీద పడి ఉంది. అచ్చియ్యమ్మ దాన్ని ఏరకుండానే, "లే, తలకి పోసుకోవాలి" అంది.

నా మీద ఉన్న తెర అంతకుముందు నిమిషం దాకా శుభం. ఇప్పుడు కాదు. దారం అదే, పువ్వు అదే. బరువులో నాకైతే తేడా తెలియలేదు.

మధ్యాహ్నం లలితకుమారిగారి మాట రికార్డయి వచ్చింది. ఇద్దరూ తడి జుట్టుతో కూర్చుని విన్నారు.

"వేణీ, నువ్వు చెప్పడం మంచిదైందమ్మా. ఇంకొకరైతే దాచేసేవాళ్ళు. నాకు ఇలాంటి పట్టింపుల్లేవు. కానీ మా వియ్యాలవారు చాలా చూస్తారు. తెర పంపొద్దు. ఏమీ అనుకోకు. మీవాళ్ళకి నా సానుభూతి చెప్పు."

కాస్సేపటికి ఆవిడ చెల్లెలి నుంచి ఇంకొకటి వచ్చింది. రాతలో. ఈ సీజనుకి వేరేవాళ్ళకి చెప్పేశామని. చివర్లో దండం పెడుతున్న చేతుల బొమ్మ.

నిజం చెప్పినందుకు ఒకరు మెచ్చుకున్నారు, ఒకరు దండం పెట్టారు. ఆ ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఫోను చెయ్యలేదు.

అంతటితో అయిందా అంటే, కాలేదు. యాప్‌లో ఇంకా కొన్ని జాకెట్లు పంపాల్సినవి ఉన్నాయి. పెళ్ళిళ్ళవే. ఒకరికి చెప్పి ఇంకొకరి దగ్గర దాచడం ఆమెకి చేతకాలేదు. ఆలస్యమవుతుందని యాప్‌లో పెట్టబోయింది. కారణం ఎంచుకోమంది అది. సరుకు లేదు. ప్యాకింగు సామాను లేదు. వర్షాలు. రవాణా ఇబ్బంది. మైల అన్నది అందులో లేదు. సెలవు పెట్టుకునే వీలుంది గానీ ముందుగా పెట్టుకోవాలట. సత్తిరాజుగారు ముందుగా చెప్పి పోలేదు. ఇతర కారణాలు అన్నచోట నొక్కి, ఇంట్లో చావు జరిగింది అని రాసింది. మీ అభిప్రాయం మాకు విలువైనది అని వచ్చింది. ఆ తర్వాత యాప్‌లో ఆమె పేరు ఎవరికీ కనబడకుండా ఎక్కడో కిందికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో అడగడానికి అటువైపు మనిషి లేడు.

శ్మశానం నుంచి వచ్చి, పెరట్లో స్నానం చేసి, నూకరాజు అంతా విన్నాడు.

"ఒక్క మాట మింగితే పోయేది కదా వేణీ."

"మింగలేకపోయేను."

అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె ఏడ్చేదేమో. గది మధ్యలో నన్ను చూశాడు. గోడని చూశాడు. మైల వెళ్ళాక చూద్దాంలే అన్నాడు. చూడ్డానికి ఇంకేం ఉంది. అరుగు మీద అనుకున్న మాట ముగ్గురికీ తెలుసు.

ఆ రోజుల్లో ఇంటికి ఎవరూ రాలేదు. గ్యాసు బండలు రాలేదు, తాళంచెవులు రాలేదు. మైల ఇల్లు కదా. వీరవేణికి పొద్దంతా ఖాళీ. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమెకి అంత తీరిక దొరకడం అదే. ఆ తీరికలో ఆమె వచ్చి నా ముందు కూర్చుని మిగిలిన అక్షరాలు కుట్టడం మొదలుపెట్టింది.

"ఇంకా ఎవరికే అది?" అంది అచ్చియ్యమ్మ.

"బట్ట కట్టి ఉంది కదా అత్తా."

మైలలో శుభకార్యాల కుట్టుకి సూది ముట్టకూడదని అచ్చియ్యమ్మకి తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి నాకు ఇవతలివైపు కూర్చుంది. చేతికి ఏదో పని కావాలన్నట్టు, పూసల డబ్బా ముందుకి లాక్కుని ఎర్రవీ తెల్లవీ వేరు చేసింది. చూపు ఆనక సగం కలిపేసింది. వీరవేణి మళ్ళీ వేరు చేసుకుంది.

మైల ఇంకా తీరకముందే హరిణి పెళ్ళి రోజు వచ్చింది. పెళ్ళిని ఇంటర్నెట్టులో చూపిస్తారని లలితకుమారిగారు మంచి రోజుల్లో ఎప్పుడో లింకు పంపి ఉన్నారు. దాన్ని తీసేయడం ఆవిడకి గుర్తులేదు. వీరవేణి పొద్దున్నే ఫోనుని నా పొడుగు కర్రకి ఆనించి పెట్టింది. అచ్చియ్యమ్మ పక్కన కూర్చుంది. నూకరాజు వెళ్ళేవాడల్లా చెప్పులు వేసుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

పెళ్ళి బాగా జరుగుతోంది. పూలు, దీపాలు, పట్టుచీరలు. ఇద్దరు ఆడవాళ్ళు తెర పట్టుకుని వచ్చారు. దుకాణంలో కొన్న తెర. మెరుస్తోంది. దాని మీద పేర్లు లేవు. ఓంకారం ఉంది. అచ్చియ్యమ్మ ఫోనుకి దగ్గరగా వంగి చూసింది.

"మిషను పని" అంది.

వీరవేణి తల ఊపింది. ఆమె చెయ్యి నా మీద ఉన్న తెర మీద పెట్టి ఉంది. పిల్ల ఇటు, పిల్లాడు అటు. పంతులుగారి గొంతు పెరిగింది. సన్నాయి అందుకుంది. తెర తీసే వేళయింది.

బొమ్మ ఆగిపోయింది.

తెర పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నారు. మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముగ్గురూ ఎదురుచూశారు. "కిటికీ దగ్గర పెట్టవే, అక్కడ వస్తాది" అంది అచ్చియ్యమ్మ. నూకరాజు చెప్పులతోనే లోపలికి వచ్చి, ఫోను తీసి, కిటికీ ఊచల దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి బయటికి పెట్టాడు. ఇంకాస్త పైకెత్తాడు. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

వచ్చేసరికి తెర లేదు. తలంబ్రాలు పోసుకుంటున్నారు. అందరూ నవ్వుతున్నారు. తెర ఎవరు తీశారో, తీసినప్పుడు ఆ ఇద్దరి మొహాలు ఎలా ఉన్నాయో వీళ్ళు చూడలేదు.

"మన తెరయితే అంత తొందరగా తీసేసేవారు కాదు" అంది అచ్చియ్యమ్మ. "కాసేపు చూసుకునేవారు."

నూకరాజు ఫోనుని కిటికీలో పెట్టి మిల్లుకి వెళ్ళిపోయాడు.

శుద్ధి అయింది. ఇల్లంతా కడిగి పసుపు నీళ్ళు చల్లారు. అచ్చియ్యమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు తెర మీద పడకుండా, నా కాళ్ళ మీద మాత్రం నాలుగు చుక్కలు విదిల్చింది. ఆ సాయంత్రం నూకరాజు సుత్తి తెచ్చి అరుగు మీద పెట్టాడు. లోపలికి తీసుకురాలేదు. తర్వాత వీరవేణే బయటికి వెళ్ళి దాన్ని తెచ్చింది.

ముందు తెర విప్పింది. ఒక్కో ముడీ గోటితో విప్పింది, కత్తెర వాడలేదు. ఒక్క ముడత లేకుండా వచ్చింది. పూర్తయిన పని కదా. దాన్ని మడిచి తన పెళ్ళిచీర ఉన్న పెట్టెలో పెట్టింది. దాన్ని ఇంకెవరూ కొనలేరు. ఆ రెండు పేర్లవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోరు. తర్వాత నా మేకులు తీసింది. ఒకటి తుప్పుపట్టి రాలేదు. అచ్చియ్యమ్మ వచ్చి కర్ర పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు.

ఇప్పుడు నేను ముందుగది తలుపు వెనకాల ఉన్నాను. నాలుగు కర్రలు, ఒక పాత చీరముక్కతో కట్టిన కట్ట. తలుపు తీసినప్పుడు గోడకి నొక్కుకుని, వేసినప్పుడు గదికి కనబడుతూ ఉంటాను. వీరవేణి పేజీ ఇంకా ఉందనే అనుకుంటాను. అప్పుడప్పుడూ ఫోను మోగుతుంది. ఎవరో జాకెట్టు అడుగుతారు. ఇప్పుడు చెయ్యడం లేదండి అంటుంది. ఎందుకని అడిగితే ఇంట్లో వీలు కావడం లేదండి అంటుంది. వాళ్ళు సరేనంటారు. అది అందరికీ అర్థమయ్యే కారణంలా ఉంది.

గదిలో రెండు కుర్చీలు వచ్చాయి. మిల్లు మేస్త్రి వచ్చి కూర్చుని టీ తాగి, ఇల్లు విశాలంగా ఉందన్నాడు. నూకరాజు కాళ్ళు చాపుకుని పేపరు చూస్తాడు. అచ్చియ్యమ్మ ఇప్పుడు ముందుగదిలోనే, కుర్చీ పక్కన చేట పెట్టుకుని బియ్యం ఏరుకుంటుంది.

వీరవేణి నీళ్ళబిందె తెస్తుంది. గుమ్మం దాటి లోపలికి వచ్చి, గోడకి భుజం ఆనించుకుని, పక్కగా అడుగులు వేసుకుంటూ వంటింట్లోకి వెళుతుంది. గది మధ్యలో ఏమీ లేదు.